బండ మీద కూర్చున్న అత్త

శ్రావణ మాసం, మొదటి సోమవారం. అనంతపురంలో మా హాస్టల్ గదిలో కాలేజీకి తల దువ్వుకుంటుంటే కువైట్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మే, మీ అత్త బండ మీదనే కూర్చోనుండాది. ఎంత పిలిచినా పలకడం ల్యా. ఒక తూరి ఇంటికి ఫోన్ చేసి చూడు."

ఆ గొంతు మా అత్త స్నేహితురాలిది. ఆమెను మేమెవరం ఎప్పుడూ చూడలేదు. యాడికి మండలంలోని మా ఊళ్లో, మా ఇంట్లో కూర్చున్న మనిషికి ఏదో అయిందని మాకంటే ముందు ఆమెకు తెలిసింది.

నాయనకు ఫోన్ చేశాను. చేను దగ్గర ఉన్నాడు. "ఇప్పుడే కదా లేపి కూర్చోబెట్టొచ్చింది. బాగనే మాట్లాడింది," అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ఇంటికి వెళ్లాడు. కాసేపటికి ఆయనే ఫోన్ చేసి, "వచ్చెయ్ మే," అన్నాడు. దువ్వెన పడేసి బస్టాండుకు బయలుదేరాను.

అత్త నాయనకు చెల్లెలు. చిన్నవయసులోనే వేరుశనగ కట్టెల లోడు మీద నుంచి పడి నడుము దెబ్బతింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మంచంలో ఉంది. రోజూ పొద్దున నాయన ఆమె చంకల కింద చేతులు వేసి, "లెయ్ పాపా, తెల్లారింది," అని లేపి, కిటికీ పక్కన గోడకు ఆనించి కూర్చోబెట్టేవాడు. అప్పుడు గానీ ఆయన చేనుకు కదిలేవాడు కాదు. ఆ కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ, దాని మీద ఆరేసిన గోనెసంచులు, పైన చారెడు ఆకాశం. అంతే. ఎండాకాలం రేకుల కింద గది పెనంలా కాలేది. నాయన వచ్చేదాకా ఆమె అక్కడే.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నా పాత ఫోన్ ఆమెకిచ్చాను. అందులో బొమ్మల ఊరని ఒక ఆట ఉంటుంది. మనకొక బొమ్మను ఇస్తారు. దాన్ని వీధుల్లో నడిపించవచ్చు, ఎదురుపడిన బొమ్మలతో మాట్లాడవచ్చు. ప్రతి బొమ్మ వెనకా ఎక్కడో ఒక మనిషి ఉంటాడు. అత్త నెరిసిన జుట్టు బొమ్మను ఎంచుకుంది.

"పడుచుపిల్ల బొమ్మలుండాయి కదత్తా," అన్నాను.

"ఆ బొమ్మతో ఎవురన్నా పెండ్లి సంబంధం మాట్లాడితే నువ్వు పోతావా?" అంది.

మొదటి రోజు ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా బొమ్మను నడిపించింది. వీధులు, తోటలు, వంతెనలు. చివరికి ఒకచోట బొమ్మ కాళ్లాడిస్తూనే ఉంది గానీ ముందుకు పోవడం లేదు. ఆ ఊరు అక్కడికి అయిపోయింది. అత్త ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "ఈడ గూడా గోడే," అంది.

ఆ ఊరి మధ్యలో ఒక పెద్ద ఫౌంటెన్ ఉంది. ఎప్పుడూ నీళ్లు ఎగజిమ్ముతూనే ఉంటుంది. అందరూ దాని చుట్టూ చేరి మాట్లాడుకుంటారు. అత్త అక్కడికి పోయి, అందరికీ వినబడేలా మైకులో, "నీళ్లు ఊరికే పోతాండాయి. ఎవురన్నా కట్టెయ్యండప్పా," అంది.

తెలుగు తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు నవ్వు బొమ్మలు కుప్పలుగా పంపారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అవి నిజం నీళ్లు కాదత్తా," అన్నాను.

"కాదని నాకూ తెలుసులే. అయినా చూస్తా ఎట్ల కూర్చునేది?"

అంతలో ఆ గుంపులోంచి ఒక గొంతు అడిగింది. "అక్కా, మీది అనంతపురం పక్కనా?"

ఆమే కువైట్ అక్క. మా వైపే, నల్లమాడ దగ్గరి మనిషి. అక్కడ ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆ ఇంటివాళ్లు తోడు లేకుండా ఆమెను గడప దాటనివ్వరు. "నీళ్లు కట్టెయ్యమనేటోళ్లు మనోళ్లు కాకపోతే ఇంకెవురు?" అని ఏడ్చినంత పని చేసింది. చాన్నాళ్ల తర్వాత తన ఊరి యాస వింటున్నానంది.

ఆ ఊళ్లో ఎవరికి వాళ్లు కొంచెం జాగా తీసుకోవచ్చు. అందరూ చెరువు పక్కన, పూలతోట పక్కన తీసుకుంటారు. అత్త ఎవరూ అడగని రాళ్ల దిబ్బ తీసుకుంది. దాని మీద ఒక బండ. బండ పక్కన ముందుగా ఒక కుండ పెట్టింది.

"ఎవురు తాగుతారత్తా?"

"తాగరులే. వచ్చినోళ్లకు ఈడ నీళ్లుండాయో లేవో అనే అనుమానం రాకూడదు."

రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆమె బొమ్మ బండ మీద కూర్చునేది. అప్పుడు కువైట్‌లో ఇంకా ఆ ఇంటివాళ్లు లేవరు. అక్క వంటగదిలో తలుపు దగ్గరగా వేసుకుని వచ్చేది. మెల్లగా ఇంకొందరు చేరారు. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలా కూర్చునే కదిరి తాత ఒకాయన, ఇంకా ఎవరెవరో. ఎక్కడివాళ్లు అక్కడి నుంచి కదలలేనివాళ్లే.

కువైట్ అక్క మొదట అడిగేది వాన గురించే. అత్త "మబ్బు పట్టింది" అని ఊరుకునేది కాదు. "పక్కింటి గోడ నల్లబడింది. గోనెసంచులు తీసేదానికి ఆయమ్మ ఉరుకుతాండాది. రేకు మీద ఒకటి పడింది. ఇంకోటి. అంతే మే, పోయింది," అని చెప్పేది. అక్కడ అక్క ఊపిరి బిగబట్టి వినేది. సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని నేనూ వినేదాన్ని. మాటలంటే నాకు ఇష్టం పుట్టింది ఆ కిటికీ దగ్గరే. ఒకసారి నా వంతు వచ్చినప్పుడు మంచి మంచి మాటలు ఏరి వానను వర్ణించబోయాను. అత్త ఆపింది. "చూసింది చెప్పు మే. తెలిసింది తర్వాత చెప్దువులే." ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మాటే వెనక నుంచి వినిపిస్తోంది.

ఆ సోమవారం నేను ఇల్లు చేరేసరికి అత్తను చాప మీద పడుకోబెట్టారు. కిటికీ దగ్గర ఫోన్ చార్జింగ్‌లో పెట్టినట్టే ఉంది. తెరమీద ఆమె బొమ్మ బండ మీద కూర్చునే ఉంది. దాని చుట్టూ మిగతా బొమ్మలు. నేను ఆమెను ఆ ఊళ్లోంచి తీయలేదు. ఎందుకంటే ఆ జాగా సొంతదారు లోపల ఉన్నంతవరకే అది మిగతావాళ్లకు కనిపిస్తుంది. ఆమెను బయటికి తెస్తే బండ మాయమవుతుంది.

కువైట్ అక్కకు విషయం చెప్పాను. అటు వంటగది తలుపు మూసిన చప్పుడయింది. తర్వాత, "ఆ బొమ్మను తియ్యాకు మే. అట్లే ఉండనీ. నాకు కూర్చునేకి ఇంగ యాడుండాది చోటు," అంది.

కర్మలన్నీ అయిపోయాయి. అత్త పరుపు, చాప, దుప్పట్లు ఊరి పొలిమేర దాటించి పడేశారు. ఇవాళ పొద్దున నాయన కిటికీ దగ్గరికి వచ్చి, వెలుగుతున్న ఫోన్ చూశాడు.

"ఇదేంది? ఇంగా ఆడనే కూర్చోనుండాదా?"

చెప్పాను. కువైట్ అక్క అన్న మాట కూడా చెప్పాను.

"దినామూ గోడకు ఆనుకోని కూర్చున్నేది సాలదా మే దానికి? సచ్చినాక గూడా కూర్చోబెడతారా?" గొంతు పెద్దది చేయలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. "ఇడ్సండి దాన్ని. పోనీయండి."

ఆయన మాట నిజం. అక్క మాటా నిజమే. పగలంతా ఆ ఇద్దరి మధ్య నేనూ ఆ కిటికీ దగ్గరే ఇరుక్కుపోయాను. పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. అత్త ఇన్నేళ్లు దీన్నే చూసింది. దీంట్లోంచే ఒక చోటు చేసింది. ఆమె చేసిన పని నేను చేయలేనా అనిపించింది. నా ఫోన్‌లో వెతికితే ఆమె దిబ్బ పక్కనే ఇంకో రాళ్ల దిబ్బ ఖాళీగా ఉంది. ఎవరూ అడగనిది కదా. నా పేరు మీద తీసుకున్నాను.

సాయంత్రం నాయనకు చూపించాను. కుండ ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పాడు. తర్వాత అత్త బొమ్మ వైపు చూస్తూ, "దీన్ని లేపొచ్చా?" అని అడిగాడు.

"లేపొచ్చు నాయనా. ఈడ ఒత్తితే లేస్తాది. తర్వాత ఈ బాణం మీద ఒత్తితే నడుస్తాది."

"నడుస్తాదా?"

"ఊ."

నాయన తువాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. "నువ్వు ముట్టాకు. ఎప్పుడైనా నేను లేపితేనే కదా లేసేది. రేపు గూడా నేనే లేపుతా," అన్నాడు.

రేపు పొద్దున నాయన చేనుకు పోడు. ఎనిమిదింటికి బండ దగ్గరికి అందరూ వస్తారు. నా దిబ్బ సంగతి విని కువైట్ అక్క వాళ్లను రమ్మంది, ఎందుకో మాత్రం చెప్పలేదు. అత్త పోయిందని వాళ్లకు నేనే చెప్పాలి. చూసింది చెబుతాను. ఆ తర్వాత నాయన తన లావుపాటి వేలుతో ఒత్తుతాడు. అత్త లేచి నిలబడుతుంది. అందరి ముందు నుంచి, దిబ్బ దిగి, తనంతట తాను నడుచుకుంటూ వెళుతుంది. వాళ్లు ఇటు తిరిగేసరికి పక్క దిబ్బ మీద నేను కూర్చుని ఉండాలి. కుండ ఇప్పుడే నింపి పెట్టాను.