ఆంప్లిఫైయర్‌కు ఎర్తు కట్టిన గూటం

మా ఆంప్లిఫైయర్ పేడకుప్పలో పడి చచ్చిందంటే ఎవురూ నమ్మరు. టీ తాగుతా వినండి, తప్పు ఎవురిదో మీరే తేల్చండి.

పందొమ్మిదొందల యాభై ఆరో, యాభై ఏడో. ఆళ్లగడ్డలో మా ఈదికి కరెంటు వచ్చిన కొత్త. నాకు పెండ్లయి ఏడాది. ఇంట్లో గ్రామఫోను పాటల ప్లేట్లు వినాలని ఒకటే పిచ్చి. నంద్యాలకు పోయి రేడియో అంగట్లో నిలబడితి. అంగడాయన చిన్న సెట్టు చూపించి, మీ ఇంటికి ఇది చాలప్పా అన్నాడు. నేను వింటినా? పెండ్లి పందిళ్లకు బాడిగకిచ్చే పెద్ద ఆంప్లిఫైయరే కావాలంటి. బస్సు మింద వేస్తే పగులుతాదని ఆళ్లగడ్డ దాకా ఒళ్లోనే పెట్టుకోనొచ్చినా. రెండు దినాలు తొడలు మొద్దుబారినాయి.

స్విచ్చేస్తే లోపల గాజుబుడ్ల మాదిరి వాల్వులు ఎర్రగా వెలిగె. ఆ ఎలుతురు, ఆ కాలిన దుమ్ము వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తాది. కానీ పాట కంటే ముందు స్పీకర్లో గుయ్యిమని మోత మొదలాయ. వైర్లు విడదీసినా, స్పీకరు ఆ మూలకు జరిపినా, వాల్వులు పీకి తుడిచి పెట్టినా. తగ్గలే. నా పెండ్లాం సరోజ నెల దినాలు ఓర్చుకుండె. ఒక దినం సంచి సర్దుకోని, "ఇంట్లో అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అని నంద్యాలలో పుట్టింటికి బస్సెక్కింది.

ఇల్లు బోసిపోయె. మా బర్రె గూడా అలిగింది. దానికి సరోజ చెయ్యి తప్ప పడదు. మోసం చేద్దామని సరోజ చీర కట్టుకోని చెంబు తీస్కపోయినా. వాసన చూసింది, నా మీసాలు చూసింది, ఒక్క తన్ను తన్నింది.

ఇంక లాభం లేదని అంగడాయనకు జాబు రాస్తే, ఎర్తు లేక మోగుతాంటాది, తడి నేలలో ఇనుము దిగేసి దానికి తీగ కట్టమని జవాబిచ్చె. ఎండాకాలం, నేలంతా రాయి. తడి ఉండేది ఇంటెనక కొట్టంలో, బర్రెను కట్టేసే ఇనుప గూటం కాడ ఒక్కచోటే. కమ్మీల్లేని కిటికీలోంచి రాగితీగ లాగి గూటానికి చుట్టినా. మోత పోయింది. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగె. తడారితే మళ్ల మోగుతాదని దినామూ రెండు బిందెల నీళ్లు గూటం మొదట్లో పోస్తా వచ్చినా.

కబురు పెడితే మా మామ సరోజను పిల్చుకోనొచ్చినాడు. మోత వినబడితే మళ్ల బస్సుకే తీస్కపోతానని గడప కాడనే చెప్పినాడు. స్విచ్చేస్తి. ఉలుకూ పలుకూ లేదు. ప్లేటు పెడ్తి. పాట తేటగా వచ్చె. నేను పాట వినలే, సరోజ మొగమే చూస్తాండా. ముడుచుకున్న మూతి మెల్లగా సడలింది.

"పర్వాలేదే, మోత లేదు," అనింది, కొంచెం గట్టిగానే.

ఆ గొంతు కొట్టంలోకి పోయింది. బర్రె ఒక్క అరుపు అరిచి వాకిలి తట్టుకు ఉరికింది. నేను నానబెట్టిన నేల గదా, గూటం ముల్లంగి మాదిరి ఊడొచ్చె. గూటం వెంట తీగ, తీగ వెంట ఆంప్లిఫైయర్. బల్ల మింద నుంచి జారి, కిటికీ దాటి, కింద పేడకుప్పలో దబ్బున పడె. బర్రె ఇల్లంతా చుట్టుకోనొచ్చి, గూటం ఈడ్చుకుంటా, గడప కాడ నిలబడి సరోజ చెయ్యి నాకుతాండాది.

ఆ పొద్దు చెంబు నిండా పాలిచ్చింది. మామ ఒక్కడే బస్సెక్కినాడు.

మోత ఆగిందని ఉండిపోయినావా అని సరోజను ఒకసారి అడిగినా. "నా కోసం అది గూటం పీక్కోనొచ్చె. నువ్వు యాడికి పోయినావు?" అనింది.

నేనూ పోయినా. అంగడాయనకు జాబు వెయ్యనీకి, పోస్టాఫీసు దాకా.