తాపీ పట్టుకున్న సింహం

నా చిన్నప్పుడు మూసాపేటలో మా వీధి నల్లా దగ్గర మనుషులకంటే ముందు బిందెలు వరుసలో నిలబడేవి. నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం, ఒకనాడు దీపాలు పెట్టే వేళకు, ఒక్కోనాడు అసలే రావు. పనులున్న ఆడవాళ్ళు ఎంతసేపని ఎండలో కాపలా కాస్తారు? బిందె పెట్టి వెళ్ళిపోయి, నల్లాలో గాలి బుసకొట్టిన చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చేవారు. అప్పుడు ఎవరి బిందె ఏదో తేలాలి కదా! పేర్లు రాద్దామంటే చదవగలిగినవాళ్ళు తక్కువ. అందుకని ఇంటికో బొమ్మ ఉండేది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళకు చేప, పూలమ్మే ఆమెకు మల్లెమొగ్గ, పంక్చర్ షాపు వాళ్ళకు సైకిల్ చక్రం. బొమ్మ ఉన్న బిందెను ఎవరూ వెనక్కి జరపకూడదు. అది మా వీధి కట్టుబాటు.

ఆ బొమ్మలు వేసేది మా పక్కింటి అక్క. ఆమెది బెజవాడ వైపు. వాళ్ళాయన లారీలకు రంగులు వేసేవాడు. డబ్బాల అడుగున మిగిలిన రంగు ఇంటికి తెస్తే, అక్క దాన్ని కిరసనాయిలుతో పలచన చేసి వీధి బిందెల మీద బొమ్మలు దిద్దేది. ఎవరికి ఏ బొమ్మో ఆమె మాటే ఆఖరు. ఒకరి బొమ్మ ఇంకొకరికి ఇచ్చేది కాదు.

మేము పాలమూరు నుంచి వచ్చినవాళ్ళం. నాన్న తాపీ మేస్త్రి. ఎక్కడ గోడ లేస్తే అక్కడికి మా సామాను కదిలేది. ఒక వీధి అలవాటయ్యేలోపే ఇంకో వీధి. అందుకేనేమో నాకు ఇప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. మూసాపేటకు కొత్తగా వచ్చిన రోజుల్లో బొమ్మ లేని మా ఇత్తడి బిందెను ఎవరంటే వాళ్ళు వెనక్కి నెట్టేసేవారు. అందరికంటే ముందు పెట్టిన బిందె నీళ్ళొచ్చేసరికి వరుస చివర తేలేది. మాకున్న పెద్ద బిందె అదొక్కటే. అది నిండకపోతే ఆ పూట అన్నం వండటానికి కూడా పక్కవాళ్ళను నీళ్ళు అడగాలి. నేను ఇంటికీ నల్లాకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

వీధి మొదట్లో ఒక బంగళా ఉండేది. ఆ ఇంటివాళ్ళు పాత సంస్థానం వాళ్ళకు చుట్టాలట. గేటు మీద ఒక డాలు, దానికి అటూ ఇటూ వెనక కాళ్ళ మీద లేచి నిలబడ్డ సింహాలు, వాటి పంజాల్లో కత్తులు. ఏటా దసరాకు వాటికి కొత్త రంగులు పడేవి. ఆ గేటు ముందు నుంచి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు కూడా గొంతు తగ్గించేవారు. ఎవరినీ ఒక్క మాట అనకుండా అందరినీ భయపెట్టే ఆ బొమ్మ మీద నాకు మోజు పుట్టింది. మీకేం వెయ్యమంటావమ్మాయ్ అని అక్క అడగడం ఆలస్యం, సింహం అన్నాను. అక్క బతిమాలి చూసింది. చిలకన్నది, ఏనుగన్నది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

చివరకు అక్క సరేనంది. బిందె చేతికొచ్చాక చూస్తే సింహం అచ్చం గేటు మీది దానిలాగే లేచి నిలబడి ఉంది. ఎర్రటి జూలు, చాచిన నాలుక. కానీ పంజాలో కత్తి లేదు. తాపీ ఉంది. నాన్న సిమెంటు ఎత్తి గోడకు రాసే తాపీ, సాయంత్రం పని దిగాక కడిగి గూట్లో పెట్టుకునే ఆ తాపీ! నాకు ఏడుపొచ్చింది. సింహం ఎక్కడైనా గోడలు కడుతుందా? అక్క నవ్వి బ్రష్ తుడుచుకుంది తప్ప మార్చలేదు. నేను అలిగి, తాపీ ఉన్న వైపు గోడకు తిప్పి బిందె పెట్టాను.

మర్నాడు నల్లా దగ్గర మా బిందెను ఎవరూ జరపలేదు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఆ వేసవిలో బంగళా బావి ఎండిపోయి వాళ్ళూ నల్లాకే మనుషుల్ని పంపుతున్నారు. వాళ్ళ బిందెల మీద కూడా అదే సింహం ఉంటుందని నాకేం తెలుసు? నీళ్ళొచ్చిన సందడిలో వాళ్ళ పనివాడు సింహం కనబడ్డ ప్రతి బిందెనూ నింపి బండికెత్తుకుని పోయాడు. అందులో మాదీ ఉంది.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "సింహం సింహం అని పాణం తీస్తివి. ఇగ ఆ సింహమే మన బిందెను ఎత్కపోయింది. మీ నాయిన వచ్చి నీళ్ళడిగితే ఏం పొయ్యాలె?" బంగళాకు పోయి అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. అక్క మాత్రం చేతులు కడుక్కుని, నా రెక్క పట్టుకుని బయల్దేరింది.

బంగళా దొరసాని వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. మా బిందె మెట్ల పక్కనే ఉంది. సంగతి విని, సింహం మా ఇంటి గుర్తు, అది ఉన్న బిందె మాది కాక ఎవరిదవుతుందని కొట్టిపారేసింది. ఆమె మాటలో కోపం కూడా లేదు. అక్క గొంతు పెంచలేదు. "అమ్మగారూ, మీ బిందె ఒకటి దీని పక్కన పెట్టించండి చాలు" అంది. పనివాడు తెచ్చి పెట్టాడు. రెండు సింహాలు ఒకదాని పక్కన ఒకటి లేచి నిలబడ్డాయి. "మీ సింహం చేతిలో కత్తి ఉందండి. మరి దీని చేతిలో ఏముందో చూడండి."

దొరసాని కుర్చీలోంచి లేచి, వంగి చూసింది. "గిదేంది, తాపీనా? సింహం చేతుల తాపీ ఏందే?"

అక్క నన్ను కాస్త ముందుకు జరిపింది. నా వైపు చూసింది. అంతవరకూ ఆమె కొంగు చాటున నక్కిన నాకు ఎక్కడి నుంచి వచ్చిందో గొంతు, వరండా అంతా మోగేలా అరిచాను. "మా నాయిన మేస్త్రి! గోడలు కడ్తడు! అది మా బిందె!"

దొరసాని మూతి బిగించుకుందామని చూసింది గానీ నవ్వు ఆగలేదు. "ఒలకబొయ్యకున్రి, నీళ్ళతోనే తీస్కపోన్రి" అంది. అక్క బిందె చంకనెత్తుకుంది. ఈసారి తాపీ బయటివైపుకే ఉంది.

దారిలో అక్కను అడిగాను, ఇలా అవుతుందని ముందే తెలుసా అని. "సింహాలదేముందమ్మాయ్, ఎవరు కావాలంటే వాళ్ళు వేయించుకుంటారు. మీ నాన్న పట్టుకునేది మీ ఇంట్లోనే కదా ఉండేది" అంది. ఆ రాత్రి నాన్న పళ్ళెం ముందు నీళ్ళ చెంబు నేనే పెట్టాను.

ఇప్పుడు మేముండేది శేరిలింగంపల్లి వైపు, మా అబ్బాయి కొన్న విల్లాలో. పక్కింటి గేటు మీద వంశ చిహ్నమంటూ ఏదో వెలిసిందని వీడికీ సరదా పుట్టింది. ఫోన్‌లో వెతికి ఒక బొమ్మ పట్టాడు. డాలు, కిరీటం, రెండు సింహాలు. గేటు పక్క గోడ మీద చేత్తో వేయడానికి ఒక అమ్మాయిని పిలిచాడు. ఆమె గీతలు గీస్తున్నంతసేపూ నేను వరండాలో కూర్చోలేక, లేవలేక, టీ అడిగే వంకతో పదేపదే వెళ్ళి చూశాను. గోడ మీద సింహం కనబడితే నేను దాని మొహం చూడను. చేతిలో ఏముందో చూస్తాను. ఆ అమ్మాయి కత్తికి చుక్కలు పెడుతోంది. పంజా ఖాళీగా వదిలెయ్యి తల్లీ, రేపు చెబుతానన్నాను.

ఈ పొద్దున నాన్న తాపీ తీసి ఆమె రంగు డబ్బాల పక్కన పెట్టాను, చూసి వేసుకోమని. పిడి నాన్న చేతికి అరిగి నున్నగా ఉంది. ఆఫీసుకు బయల్దేరుతున్న మావాడు దాన్ని చూసి ఆగాడు. తాత తాపీని వాడు గుర్తుపట్టాడు. పిడి మీద వేలు రాసి చూశాడు. తర్వాత, "కాలనీ వాళ్ళు ఇదేంటని అడిగితే ఏం చెప్పాలమ్మా?" అన్నాడు.

"మా తాత మేస్త్రి అని చెప్పు. జర గట్టిగ చెప్పు" అన్నాను. ఆనాడు దొరసాని వరండాలో లేచిన గొంతు ఇంకా నా దగ్గరే ఉంది.