అరచేతిలో నీలి సిరా

మొన్న ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఏదో అడగడానికి వచ్చి, నా ఎడమ అరచేతి వంక చూసింది. పదేళ్లుగా నేనే రాసి నేనే దిద్దుతున్న ప్రోగ్రాములో ఏ భాగం తర్వాత ఏది నడుస్తుందో ఈ మధ్య గుర్తుండటం లేదు, అందుకని పొద్దున్నే పెన్నుతో చేతి మీద రాసుకుంటున్నాను. యాభై ఎనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చేసే పనేనా ఇది అని కుర్రవాళ్లు నవ్వుకోవచ్చు, నా ఈడు వాళ్లు నవ్వరనుకుంటాను. నాకు మాత్రం మా కాక గుర్తొచ్చి తల దించుకున్నాను.

కాక అంటే మా బాపు దోస్తు. తొంభైలలో మా ఆదిలాబాదు జిల్లా బొగ్గుబావి ఒకదానిలో దీపాల గది ఆయన చేతిలో ఉండేది. బావిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడిచ్చి టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ళ తీసుకోవాలి. కాక బిళ్ళ చూడకుండా మొహం చూసే నంబరు చెప్పేవాడు, షిఫ్టు ముగిశాక ఇంకా ఎవరు లోపలే ఉన్నారో కూడా నోటితోనే చెప్పేవాడు. అప్పుడే కంప్యూటరు చదువు ముగించిన నేను, ఆ నంబర్లను కంప్యూటరులోకి ఎక్కించే పని మీద వెళ్లి నెల రోజులు ఆయన పక్కన కూర్చున్నాను. ఒకరోజు ఆయన చాయ్ గ్లాసు అందుకుంటుంటే అరచేయి నిండా నీలి సిరాతో, బావిలోకి దిగినవాళ్ల నంబర్లు కనిపించాయి. దాచబోయి, దాచలేక, "యాది మరుస్తున్న బిడ్డా. ఇంక రెండేండ్లే నౌకరి. జర ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. చెప్పనని తలూపాను.

ఆ వారమే పెద్ద ఆఫీసరు గదిలో, అసలీ కంప్యూటరు అవసరమా అని ఎవరో అడిగితే, నా తెలివి చూపించుకునే తొందరలో, ఇప్పుడైతే మన నంబర్లన్నీ కాక అరచేతిలో ఉన్నాయి, చెయ్యి కడిగితే పోతాయి అనేశాను. అందరూ పగలబడి నవ్వారు, అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నెల తిరక్కుండా కాకను ఆ గదిలోంచి తీసేసి గెస్ట్‌హౌసులో చెట్లకు నీళ్లు పోసే పనిలో వేశారు. ప్రాణాలతో పని కదా, తీసేయడమే సరి అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు, కానీ నేను నోరు విప్పింది ఎవరి ప్రాణం కోసమూ కాదు, నలుగురిని నవ్వించడం కోసం.

తర్వాత ఒకసారి గెస్ట్‌హౌసు గేటు దగ్గర కనిపించి, చేతిలో పైపుతోనే, "మంచిగున్నవా బిడ్డా? చెట్లకు నంబర్లు లెవ్వు, గిదే నిమ్మలం" అన్నాడు. చెప్పింది నేనేనని ఆయనకు తెలుసో లేదో నాకు నేటికీ తెలియదు. కాళ్లు పట్టుకోవలసిన వాణ్ణి, సైకిలెక్కి వచ్చేశాను.

ఇప్పుడా గదిలో అన్నీ మిషన్లేనట, ఒకరి మొహం ఇంకొకరు గుర్తుపెట్టుకోనక్కర్లేదట. మొన్న ఆ అమ్మాయితో ఎవరికీ చెప్పకమ్మా అనబోయి ఆగిపోయాను, ఏ మొహం పెట్టుకుని అడగను? ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు, వెనక వాళ్లకు నా చెయ్యి కనబడకుండా కుర్చీ కొంచెం ఇటు జరుపుకుని కూర్చుని, తన సందేహం అడిగింది.