రొమ్ములోతున రాగి డేగిసా

ఉదయగిరి కొండకింద నిధికోసం తవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. తవ్వి పోలీసు స్టేషన్ చూసినవాళ్ళు కొందరు, నడుము పట్టేసి మంచమెక్కినవాళ్ళు కొందరు. కానీ ఏ మిషన్‌తో వెతకాలో తేల్చుకోవడానికే ఏళ్ళకేళ్ళు తీసుకుని, ఆ ఏళ్ళన్నింటిలోనూ నిధికోసం ఒక్క గడ్డపలుగు దెబ్బ కూడా వెయ్యనివాడు మా కమాలుద్దీన్ ఒక్కడే.

ఆయన ఆత్మకూరు డిపోలో బస్సు డ్రైవరు. కాపురం ఉదయగిరిలో. మనిషి మంచివాడు. ఉన్న గుణమల్లా ఏ వస్తువూ తొందరపడి కొనకపోవడం. టేబుల్ ఫ్యాను కొనాలని ఎండాకాలం మొదట్లో అనుకుంటే, ఏది మేలో తేలేసరికి వానలు పడేవి. ఇక ఇప్పుడెందుకులే అనుకునేవాడు. మళ్ళీ ఎండాకాలం వచ్చేది. చెప్పులు కొనాలంటే ఒక దుకాణంలో ఎడమకాలిది, ఇంకో దుకాణంలో కుడికాలిది అడిగి తొడుక్కుని బజారులో అటూ ఇటూ నడిచి చూసేవాడు. ఆ రెండు దుకాణాలవాళ్ళకూ మాటల్లేవు. ఈయన వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ వీధిలోకి వచ్చి కాపలాగా నిలబడేవారు.

దుర్గం మీది రాజులు పారిపోతూ పారిపోతూ బిందెలకొద్దీ బంగారం పాతిపెట్టి పోయారన్నది మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. పారిపోయేవాడికి గుంతలు తవ్వే తీరిక ఎక్కడిదని ఎవరూ అడగరు. అంతకుముందు అంజనం వేసేవాళ్ళు వచ్చి తమలపాకు మీద కాటుక రాసి, అందులో బిందెలు చూసి, భోజనం చేసి వెళ్ళేవారు. డెబ్భై తొమ్మిదిలో కాబోలు, కువైట్ నుంచి వచ్చిన ఒకాయన బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, నేలలో లోహముంటే కూసే మిషన్లు ఉన్నాయని చెప్పాడు. ఆ పూట కమాలుద్దీన్ ఒక స్టేజీలో బస్సు ఆపడం మరిచిపోయాడు.

ఆయన ఈ సంగతి మొట్టమొదట చెప్పింది పెంచలనరసయ్యకు. బజారులో బెల్లం, చింతపండు టోకున అమ్మే వర్తకుడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పలక మీద దిద్దుకున్నారు.

"తవ్వితే గవర్నమెంటోళ్ళు పట్టుకుంటారు గదరా?" అన్నాడు పెంచలనరసయ్య.

"తవ్వేదెవురు? ముందు మిషన్ ఏదో తేలనీ."

తేలడం అంత సులువుగా లేదు. బస్సెక్కిన రేడియో రిపేరు వాళ్ళనూ, సెలవు మీద వచ్చిన మిలిటరీ వాళ్ళనూ అడిగి అడిగి కమాలుద్దీన్ చాలా నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా సాయంత్రం బెల్లం దిమ్మెల మధ్య కూర్చుని స్నేహితుడికి చెప్పేవాడు.

"మిషన్ కింద తీగచుట్ట ఉంటాది చూడు, దాంట్లోనే ఉండాది కిటుకంతా. చిన్న చుట్ట చిన్నదాన్నే చూస్తాది. జానెడు లోతులో రూపాయి బిళ్ళ ఉంటే కూస్తాది. మనకు రూపాయి బిళ్ళెందుకు? మనది బిందె. లోతు. దానికి పెద్ద చుట్ట కావాల."

"అయితే పెద్దదే కొందాం."

"పెద్దదానికి మన కొండరాళ్ళు చాలంట. ఇనపరాయి గదా, దానిక్కూడా కూస్తాది."

"మరేంది చేద్దాం?"

"ఆలోచిద్దాం."

ఆ ఆలోచనలో పెంచలనరసయ్య తమ్ముడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టారు.

చివరికి మూడు మిషన్లు మిగిలాయి. ఒకటి మద్రాసు పాతసామాన్ల బజారులోది, యుద్ధంలో బాంబులు వెతికినది. వీపుకు బ్యాటరీ పెట్టె, చెవులకు డిప్పలు. రెండోది కువైట్ సరుకు, తేలిక, చేతికర్రలా ఉంటుంది. మూడోది నెల్లూరులో ఒక రేడియో మెకానిక్ సొంతంగా బిగించింది. పొడుగాటి కర్రకు ముందొక పెట్టె, వెనకొక పెట్టె. మేకులనూ బిళ్ళలనూ అసలు లెక్కచేయదట, బిందె అంత వస్తువుంటేనే పలుకుతుందట. మూడింటి యజమానులూ వచ్చి చూపిస్తామన్నారు. ఇక కావలసింది పరీక్ష.

"నిధి దేంట్లో ఉంటాది? రాగిపాత్రలో. అంతటి రాగిపాత్రే ఒకటి పాతాల" అన్నాడు కమాలుద్దీన్.

ఊళ్ళో అంతటి రాగిపాత్ర ఒక్కటే ఉంది. అది ఆయన భార్య వజీరున్నీసా పుట్టింటి నుంచి తెచ్చుకున్న డేగిసా. వందమందికి ఖానా వండేంత పాత్ర. ఇద్దరు మోస్తే గాని లేవదు. మా ఊరి సాయిబుల ఇళ్ళలో పెళ్ళయినా, ఫాతిహా అయినా ఆ డేగిసా రావలసిందే. వజీరున్నీసా బాడుగ తీసుకోదు. వంట దించగానే మొదటి పళ్ళెం ఆమె ఇంటికి రావాలి, అంతే. కాజీ గారికైనా రెండో పళ్ళెమే. ఊళ్ళో ఆమె మాటకున్న విలువంతా ఆ డేగిసాలో ఉడికి వచ్చినదే.

వజీరున్నీసా చెల్లెలి కాన్పుకు సంగం వెళ్ళి ఉంది. కమాలుద్దీన్ డేగిసాను బండి మీద పెంచలనరసయ్య బీడుకు చేర్పించాడు. ఊరి చివర ఆత్మకూరు రోడ్డు పక్కన, కొండరాళ్ళు దొర్లివచ్చి ఆగిన నేల అది.

"నువ్వే పాతిపెట్టు. యాడ పెట్టినావో నాకు చెప్పబాక" అన్నాడు స్నేహితుడితో.

"నీకు తెలిస్తే ఏమవతాది?"

"నా కన్ను ఆడికే పోతాది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింటు చూసేవాడు ఏం జేస్తాడు? నీళ్ళు చూడడు, రైతు మొహం చూస్తాడు. రైతు మనసు యాడుంటే ఆడ కాయ లేస్తాది. ఈ మిషనోళ్ళు గూడా అంతే."

"సరే, చెప్పను."

"నేనడిగితే?"

"చెప్పను."

"కాళ్ళావేళ్ళా పడితే?"

"చెప్పనంటి గదరా!"

"ఒట్టెయ్యి. పెంచలకోన స్వామి మీద వెయ్యి."

పెంచలనరసయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ ఆ కోనకు నడిచి వెళ్ళి మొక్కుకుంటే పుట్టినవాడు. ఆ స్వామి పేరే తన పేరు. ఆ ఒట్టు తప్పితే, జనం తనను పేరుపెట్టి పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడాల్సి వస్తుంది. అయినా స్నేహితుడికోసం కొండవైపు తిరిగి దండం పెట్టి, మిషన్ డేగిసా మీద పలికేదాకా కమాలుకు జాగా చెప్పనని ఒట్టేశాడు. ఊళ్ళోవాళ్ళకు తెలియకుండా కలువాయి నుంచి కూలీలను పిలిపించి, రొమ్ములోతు తవ్వించి, డేగిసాను బోర్లించి పూడ్పించి, బీడంతా దున్నించేశాడు.

ఆదివారం పరీక్ష. తన మొహం ఎవరూ చదవకుండా పెంచలనరసయ్య తలమీద తువ్వాలు కప్పుకుని కొండవైపు తిరిగి కూర్చున్నాడు.

మద్రాసు మిషన్ గట్టు దగ్గర కూత మొదలుపెట్టి ఆవలి గట్టుదాకా ఆపలేదు. "ఈ చేనంతా నిధే సార్!" అన్నాడు దాని యజమాని.

"ఈ చేనంతా నిధయితే మావాడు చింతపండు ఎందుకమ్ముకుంటాడయ్యా?" అన్నాడు కమాలుద్దీన్.

కువైట్ మిషన్ పద్ధతిగా పనిచేసింది. ఒక ఎద్దు నాడా, రెండు గొడుగు ఊచలు, పాలపొడి డబ్బా మూత ఒకటి తీసింది. యజమాని ఆ మూతను తుడిచి అందరికీ చూపించాడు. డేగిసా ఊసు ఎత్తలేదు. మూడోది రానేలేదు. ఏదో సామాను మద్రాసు నుంచి రావాలి, వచ్చే నెల వస్తానని నెల్లూరు మెకానిక్ కబురు పంపాడు.

"వచ్చే నెలే చూద్దాం. తొందరేంది?" అన్నాడు కమాలుద్దీన్.

తొందర ఏమిటో మరునాడు సాయంత్రం బస్సు దిగింది. వజీరున్నీసా సంచి కింద పెడుతూనే చెప్పింది: "శుక్రవారం దర్గాలో గంధం. డేగిసా ఇస్తానని మాటిచ్చినా. రేపో ఎల్లుండో దించి తోమాల."

కమాలుద్దీన్ ఆ రాత్రి అన్నం సగంలో లేచి చింతపండు దుకాణానికి పరుగెత్తాడు.

"నరసయ్యా, జాగా చూపీరా."

"మిషన్ పలికిందా?"

"పలకలా."

"మరి?"

"రేయ్, ఒట్టు పెట్టిచ్చింది నేను. నేనే తీసేస్తావుండా. తీసి గట్టున పెట్టు."

"నేను ఒట్టేసింది నీకు గాదు, స్వామికి. తీస్తే ఆయన తియ్యాల."

"ఆమె నన్ను చంపతాదిరా! ఊరంతా వస్తారు గంధానికి. డేగిసా లేకపోతే ఆమె మాట పోతాది!"

"కాళ్ళావేళ్ళా పడినా చెప్పొద్దని నువ్వే గదా అంటివి? ఇప్పుడు పడతావుండావు. అంటే నేను సరిగ్గానే చేస్తావుండానన్నట్టే గదా" అన్నాడు పెంచలనరసయ్య. అంటున్నంతసేపూ ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి.

రెండు రోజులు కమాలుద్దీన్ డ్యూటీ దిగగానే ఇనపచువ్వ తీసుకుని బీడులో పొడిచి చూశాడు. ప్రతి పోటుకూ రాయే తగిలింది. అరచేతులు బొబ్బలెక్కాయి. స్టీరింగుకు గుడ్డ చుట్టుకుని బస్సు నడిపాడు.

బుధవారం వజీరున్నీసా వెనక గది తలుపు తీసింది.

"డేగిసా ఏదయ్యా?"

"కావలి చుట్టాలడిగితే ఇచ్చినా."

"కావల్లో మనకు చుట్టాలెవురు?"

కమాలుద్దీన్ కాసేపు ఆలోచించాడు. "ఈ మధ్యనే అయినారు" అన్నాడు.

ఆమె ఆయన చేతులు పట్టుకుని తిప్పి చూసింది. ఆ బొబ్బలు చూశాక దాచడానికి ఏమీ మిగల్లేదు. తీగచుట్టతో మొదలుపెట్టి ఒట్టుదాకా అన్నీ చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. మొత్తం విని ఒక్క మాటే అడిగింది.

"నాకు చెప్పనని గూడా ఒట్టేసినాడా నరసయ్య?"

ఇన్నేళ్ళ ఆలోచనలో ఈ ఒక్క సంగతీ కమాలుద్దీన్‌కు తట్టలేదు.

ఆమె బురఖా వేసుకుని బజారుకు నడిచింది. దూరం నుంచి ఆమెను చూసి పెంచలనరసయ్య గల్లా వదిలి లేచి నిలబడ్డాడు.

"వచ్చినావా వదినా! సోమవారం నుంచి అన్నం సయించలా నాకు. నువ్వెప్పుడు అడగతావా అని చూస్తావుండా."

"నువ్వే వచ్చి చెప్పగూడదా?"

"మీ ఇంటికొచ్చి చెబితే వాడి చెవిన పడతాది గదా?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, "మీ ఇద్దరికీ ఒకే అయ్యవారా చదువు చెప్పినాడు?" అంది.

మరునాడు పొద్దున బీడు దగ్గర కూలీలు పలుగులు పట్టారు. పెంచలనరసయ్య కచ్చితంగా జాగా చూపించాడు. మిషన్ ఇంకా పలకలేదు కనక కమాలుద్దీన్ చూడకూడదు. ఆయన్ని రోడ్డు మీద అటు తిప్పి నిలబెట్టారు. దారిన పోయే ప్రతి బస్సు డ్రైవరూ హారన్ కొట్టి, "ఏంది భాయ్, ఎవురికోసం చూస్తావుండావు?" అని అడిగాడు. వెనకనుంచి ఖంగుమని రాగి మోగింది.

"యాడ? యాడ తగిలింది?" అని కేక పెట్టాడు కమాలుద్దీన్.

"తిరగబాక!" అని ముగ్గురు నలుగురు ఒక్కసారే అరిచారు.

డేగిసా పైకి వచ్చింది. అంచున చిన్న సొట్ట తప్ప బాగానే ఉంది. బండి మీద పట్టపగలు బజారు మధ్యగా ఇంటికి వచ్చింది. మట్టి అంటిన డేగిసాను చూడనివాళ్ళు ఊళ్ళో మిగల్లేదు.

శుక్రవారం గంధానికి ఖానా ఉడికింది. మొదటి పళ్ళెం వజీరున్నీసా ముందుకు వచ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. దర్గా వీధి కరీంబీ ఉండబట్టలేక అడిగింది.

"ఏమక్కా, డేగిసాను ఎవురో బీడులో పూడ్చినారంట గదా?"

పక్క పందిట్లో మగవాళ్ళు చెవులు ఇటే పెట్టారు. కమాలుద్దీన్ ముద్ద చేతిలోనే పట్టుకుని నేల చూశాడు. ఊళ్ళో రేపటినుంచి తన పేరు ఎట్లా మారబోతుందో ఆయనకు తెలుసు.

వజీరున్నీసా తాపీగా పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "ఎవురో ఏంది? నేనే పూడ్పిచ్చినా. నేను ఊళ్ళో లేకపోతిని, మా ఆయన పొద్దస్తమానం బస్సులో. దొంగలు పడరా?" అని తినడం మొదలుపెట్టింది.

దాంతో ఆయన పరువు దక్కింది. కానీ ఊరు ఊరకుంటుందా? లెక్కలు కట్టింది. వంటపాత్రనే రొమ్ములోతున దాచే మనిషి, నగలను ఎంత లోతున దాచి ఉంటుంది? పుట్టింటివాళ్ళు ఒకప్పుడు బాగా బతికినవాళ్ళే కదా? మరుసటి నెల నెల్లూరు మెకానిక్ కర్ర భుజాన వేసుకుని వచ్చి, దుర్గం సంగతి తర్వాత, ముందు మీ పెరడు చూస్తానని, దొరికినదాంట్లో సగం చాలని అన్నాడు. మద్రాసు ఆయన కూడా వచ్చాడు. చివరికి అంజనం వేసేవాడొకడు అరుగు మీద కూర్చుని తమలపాకులు అడిగాడు. వజీరున్నీసా అందరినీ చీపురు చూపించి పంపేసింది. చీపురు చూపించేకొద్దీ ఊరికి నమ్మకం పెరిగింది.

ఒక ఆదివారం పొద్దున కమాలుద్దీన్ టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు పెరడువైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమే, నిజం చెప్పు. మీ నాయన నీకు డేగిసా ఒకటే ఇచ్చినాడా?"

ఆమె బియ్యంలో రాళ్ళేరడం ఆపింది. మొగుడి మొహంలోకి తేరిపార చూసింది. ఆయన వేళాకోళం ఆడడం లేదు.

"ఆ మూల, గోడకు బారెడు ఇవతల. గుండ్రంగా తవ్వు" అంది.

రెండు ఆదివారాలు తవ్వాడు. ఏ మిషన్‌తోనూ పని లేకుండా, ఎవరినీ సలహా అడక్కుండా తవ్వాడు. ఆమె టీ తెచ్చి ఇస్తూ, అంచులు సరిచేయించింది. రెండో ఆదివారం సాయంత్రం వాకిట్లో ఎద్దులబండి ఆగింది. మేస్త్రీ వరదయ్య సిమెంటు వరలు దించుకుంటూ లోపలికి వచ్చి గుంతలోకి తొంగిచూశాడు.

"భలే తవ్వినావు భాయ్. మన వీధిలో మొట్టమొదటి కక్కూసు మీదే. ఇంక పైకి రా, వరలు దించుతాం."

కమాలుద్దీన్ రొమ్ములోతున నిలబడి, పైనున్న భార్యను చూశాడు.

"ఇంకొక్క మూరెడు చూసి వస్తా" అన్నాడు.