డయాలసిస్ వార్డులో ఫ్రెంచి సినిమా

2023 ఎండాకాలం. బాన్సువాడలో నేను డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేసే వార్డుకు మధ్యాహ్నం షిఫ్టులో వారానికి మూడుసార్లు నలుగురు వచ్చేవారు. నాలుగు పడకలు, నాలుగు మిషన్లు, ఎదురుగోడకు ఒక టీవీ. నేను నర్సును కాదని మొదట్లో అందరికీ చెప్పి చూశాను. ఎవరూ వినిపించుకోలేదు. సిస్టర్ అనే పిలుపే ఖాయమైపోయింది, నేనూ పలకడం మొదలుపెట్టాను.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. కిడ్నీలు పని మానేసినవాళ్లకు చేతిలో ఫిస్టులా చేస్తారు. అంటే రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు. అక్కడ సూదులు గుచ్చి రక్తాన్ని మిషన్‌లోకి పంపి, శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి పంపిస్తాం. మూత్రం రాదు కాబట్టి తాగిన నీరంతా ఒంట్లోనే నిలిచిపోతుంది. దాన్ని కూడా మిషనే లాగాలి. ఆ లాగడాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్ అంటాం, వార్డు భాషలో యూఎఫ్. ఒకేసారి ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది, కాళ్ల పిక్కలు పట్టేస్తాయి. తీయకుండా వదిలేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అందుకే ఇంటి దగ్గర వాళ్లు రోజు మొత్తానికి రెండు మూడు గ్లాసుల నీళ్లతో సరిపెట్టుకోవాలి, అదీ మే నెల ఎండల్లో.

సరిపెట్టుకోలేని మనిషి లచ్చవ్వ. నస్రుల్లాబాద్ దగ్గర పల్లె. యాభై దాటిన వయసు, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నాట్లు వేసిన చేతులు. ఆ నెలలో ఆమె వరసగా రెండు డయాలసిస్‌లు ఎగ్గొట్టింది. మూడోసారికి కొడుకు సాయిలు ఆటోలో కూర్చోబెట్టి తెచ్చేసరికి ముఖం ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, ఆయాసంతో వగరుస్తోంది. ఆ రోజు ఎలాగో గట్టెక్కించాం. ఊపిరి కాస్త కుదుటపడగానే ఆమె నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఇగ నేను రాను సిస్టరమ్మ. నా తోటి గాదు."

"రాకపోతే ఏమైతదో తెలుసు గదా అవ్వా?"

"తెల్సు. పోతె పోత. పొద్దంత మోకాలు లోతు నీళ్లల్ల నిలవడి నాట్లేసిన మనిషిని. ఇప్పుడు గుటకెడు నీళ్లకు కొడుకును బతిమాలాల్నా? కడుపునిండ నీళ్లు తాగి పండుకుంట."

డయాలసిస్ ఆపేస్తే ఆమెకు మిగిలేది రోజులే. ఆ మాట సాయిలుకు చెబితే గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆమెకు నేను అన్నీ చెప్పాను, మందలించాను, భయపెట్టాను కూడా. పైకి కోపంగా మాట్లాడానేగానీ, లచ్చవ్వ అంటే నాకు ప్రాణం. సూది గుచ్చేటప్పుడు నాళం దొరక్క నేను తడబడితే నాకే ధైర్యం చెప్పే మనిషి ఆమె. చివరికి "గీ వారం వస్త, ఆ తర్వాత అడగకు" అని ఒప్పుకుంది.

సినిమా వచ్చింది ఆ వారంలోనే.

మా వార్డులో రిమోట్‌కు వంతులు ఉండేవి. ఒక్కో రోజు ఒక్కో పడకది. కోటగిరి ఆటో డ్రైవర్ శంకరన్న వంతు వస్తే ఫైట్లు, వర్ని నుంచి వచ్చే సత్యవతమ్మగారి వంతు వస్తే సీరియళ్లు. సత్యవతమ్మగారి పెద్దలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, ఆమె మాటలో ఆ యాస ఇంకా పోలేదు. మూడో పడక రాజేశ్వర్ సార్‌ది. కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు. తన వంతు రోజు ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి నా చేతికిచ్చారు.

"ఏంది సార్ ఇది?"

"పాత ఫ్రెంచి సినిమా. మూడు కథలు. సుఖమంటే ఏంది అన్నదే మూడిట్ల కథ."

సుఖమనే మాట వినగానే శంకరన్న దుప్పటి సర్దుకుని లేచి కూర్చున్నాడు. "సార్, ఆడోళ్లు కూడ ఉన్నరు వార్డుల" అన్నాడు, కానీ పెట్టొద్దని మాత్రం అనలేదు. తెర మీద నలుపు తెలుపు బొమ్మ, వీధిలో గుర్రబ్బండ్లు కనిపించగానే మళ్లీ వెనక్కి వాలిపోయాడు.

కింద ఇంగ్లీషులో పడే అక్షరాలు చదువుతూ సార్ మన మాటల్లో చెబుతూ పోయారు. మొదటి కథలో ఒక ముసలి దర్జీ. జీవితమంతా గొప్పవాళ్లకు కోట్లు కుట్టినవాడు, ఒక సాయంత్రం కుట్టించుకున్న గిరాకీ కోటు తానే వేసుకుని పెద్ద హోటల్లో కూర్చుంటాడు. వడ్డించేవాళ్లు వంగి వంగి దండాలు పెడుతుంటే అతని ముఖం వెలిగిపోతుంది. "తెల్లారి గిరాకీకి దొరికితే తంతడు" అని శంకరన్న ఫికర్ పడ్డాడు. లచ్చవ్వ చూస్తూ పడుకుంది.

తర్వాతి డయాలసిస్ రోజు రెండో కథ. వంతు శంకరన్నదే అయినా రిమోట్ సార్‌కు ఇచ్చేశాడు. "మొదలువెట్టింది ఒడువనియ్యి" అన్నాడు, ఏదో మా అందరికీ మేలు చేస్తున్నట్టు.

ఆ కథలో ఒక పెద్ద బంగళా వంటమనిషి. ఇంటివాళ్లంతా ఊరెళ్లిన రోజు ఆమె పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, వెండి గిన్నెలు సర్ది, తన కోసం తానే వండుకుని ఒక్కతే కూర్చుని తింటుంది. చాలాసేపు అంతే, తింటూనే ఉంటుంది. ఫ్రాన్సులో ఆ సన్నివేశం చూసి జనం ఏమనుకున్నారో నాకు తెలియదు. మా వార్డు మాత్రం మా వార్డులాగే చూసింది.

సూపు గిన్నె రాగానే శంకరన్న అడిగాడు. "గా సూపు ఎన్ని గ్లాసులుంటది సిస్టర్?"

"నాకేం తెలుసన్నా?"

"రెండు గ్లాసులకు తక్కువ లేదు. గంత లాగాలంటే పిక్కలు వట్టుకుంటయి ఆమెకు."

జున్నులాంటిది ఏదో కోసుకోగానే సత్యవతమ్మగారు తెరతోనే మాట్లాడటం మొదలుపెట్టారు. "వద్దమ్మా, అదంతా ఉప్పే. రాత్రికి దాహం చంపేస్తుంది." తర్వాత పళ్ల బుట్ట వచ్చింది. మా వాళ్లకు పళ్లంటే పొటాషియం. అది రక్తంలో పెరిగితే గుండె ఆగుతుందని రోజూ నేను చెప్పే పాఠమే. నలుగురిలో ముగ్గురు ఒక్కసారే "అయ్యో" అన్నారు. ఆ ఫ్రెంచామె నిక్షేపంగా రెండో పండు కూడా తీసుకుంది. నేను నవ్వు ఆపుకోలేక మిషన్ వెనక్కి పోయాను.

కథ చివర ఆమె గిన్నెలన్నీ కడిగి ఎక్కడివక్కడ పెట్టేసి, ఖాళీ బల్ల వైపు చూసి నవ్వుతుంది. రాజేశ్వర్ సార్ మేష్టారు కదా, ప్రశ్న అడగకుండా ఉండలేకపోయారు. "చెప్పండి, ఆమెకు సుఖం దేంట్ల దొరికింది?"

"సూపుల" అన్నాడు శంకరన్న.

"యజమాని కుర్చీలో కూర్చుంది కదండీ, అందులో" అన్నారు సత్యవతమ్మగారు.

సార్ తల ఊపి, ఒక్కరోజైనా దొరసాని కావడంలో ఉందని ఏదో వివరించబోయారు. అప్పుడు లచ్చవ్వ నోరు విప్పింది.

"అవేం గావు సారూ. ఆమె తింటుంటే ఎవ్వలు చూస్తలేరు. గదే సుకం."

లచ్చవ్వ పైకప్పు వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

"నాకేమో ముద్ద లెక్క, గుటక లెక్క. సీసా మీద గీతగీసి పెట్టిండు నా కొడుకు. చెంబు దాసిపెట్టిండు. నీళ్ల రంజన్ దిక్కు పోతె మనవరాలు గూడ నానమ్మా అని ఒర్రుతది. ఈడికొస్తె కాంటా ఎక్కిచ్చి ఎంత పెరిగిననో ఈ సిస్టరమ్మ అందరికి ఇనవడేటట్టు జెప్తది. అందరు నా మీది పాణంతోనే జేస్తరు, నాకు తెల్వదా? గని పొద్దుమాపు అందరు నా నోరే చూస్తుంటె ఎట్ల బతుకాలె?"

నెల రోజులుగా నేను ఆమెది దాహం అనుకుంటున్నాను. దాహానికి చెప్పే మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి. నోట్లో ఐసు ముక్క పెట్టుకో, నిమ్మచెక్క చప్పరించు, ఉప్పు తగ్గించు. ఆమె బాధకు వీటిలో ఏదీ తగలదు.

ఆ సాయంత్రమే నిజామాబాద్‌లో ఉండే మా కిడ్నీ డాక్టర్ గారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆయన ఆమె బీపీ ఎలా ఉంటోందో అడిగి, "బీపీ నిలకడగా ఉంటే మొదటి గంటలో ఒక గ్లాసు తాగనివ్వు. ఆ గ్లాసు కూడా యూఎఫ్‌లో కలిపి పెట్టు, మిషన్ తీసేస్తుంది" అన్నారు. ఇదేమీ కొత్త వైద్యం కాదు, మిషన్ మీద ఉండగా టీ ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. నాకు కావలసింది గ్లాసు ఒక్కటే కాదు, అందుకే సాయిలు ఫోన్‌కు చేసి లచ్చవ్వతో మాట్లాడాను.

"అవ్వా, ఎల్లుండి వచ్చేటప్పుడు మీ రంజన్ నీళ్లు తెచ్చుకో. నీ చెంబులనే తెచ్చుకో. ఈడ తాగు."

"చెంబెడా?"

"చెంబెడు గాదు, గ్లాసెడు. పోసుకునేది నువ్వే, తాగేది నువ్వే. మేం ఎవ్వలం చూడం."

"ఉత్తగనే చెప్తున్నవ్."

"ఒట్టు."

మూడోనాడు వచ్చింది. తడిగుడ్డ చుట్టిన ఇత్తడి చెంబు ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఆ రోజు బరువు నేను పైకి చదవలేదు. కాంటా మీది అంకె ఆమెనే చూసుకోమన్నాను. కళ్లు చికిలించి చూసి, తనలో తనే ఏదో అనుకుని దిగింది. సాయిలును బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె సూదులకు చెయ్యి చాపుతుండగా మిగతా ముగ్గురికీ సంగతి చెవిన వేశాను.

మిషన్ నడవడం మొదలైంది, బీపీ బాగుంది. "అవ్వా, ఇగ నీ ఇష్టం" అన్నాను. రాజేశ్వర్ సార్ మూడో కథ పెట్టారు. సముద్రం ఒడ్డున ఒక బొమ్మలు గీసే ఆయన, సుఖం ఎక్కడ ఉందా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు. లేచి నడుస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. అంతకుమించి ఏమీ జరగదు. అయినా శంకరన్న రెప్ప వాల్చలేదు. సత్యవతమ్మగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు. నేను లచ్చవ్వకు వీపు చూపించి స్టూలు మీద కూర్చున్నాను, నా ముందు ఆమె మిషన్ తెర మీది అంకెలు మాత్రమే. అంత శ్రద్ధగా ఆ కథను ఫ్రాన్సులో కూడా ఎవరూ చూసి ఉండరు.

వెనక నీళ్లు ఒంపిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక గుటక. చాలాసేపు ఆగి ఇంకొకటి. సార్ రెండు మూడు మాటలు తప్పు చదివి దిద్దుకున్నారు. నాకు కళ్లు మసకబారి అంకెలు కనబడలేదు, పైటతో తుడుచుకుని మళ్లీ చూశాను. బీపీ ఎక్కడున్నది అక్కడే ఉంది.

చెంబు కింద పెట్టిన చప్పుడయ్యాక కూడా మేమెవరం తల తిప్పలేదు. తెర మీద బొమ్మలాయన ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

"సిస్టరమ్మ" అని పిలిచింది లచ్చవ్వ. "మల్ల ఎప్పుడు రావాలె?"

అప్పటి నుంచి మా వార్డులో ఎవరి బరువునూ పైకి చదవను. నీళ్ల సంగతి ఎవరికి వాళ్లే చెబుతారు, ఒకరిద్దరు అబద్ధం చెబుతారని కూడా తెలుసు, అది మిషన్ ఎలాగూ పట్టిస్తుంది. లచ్చవ్వ ఇప్పటికీ వస్తోంది, వచ్చినప్పుడల్లా చెంబు తెస్తోంది. మనిషి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో నాకు చదువులో నేర్పారు. ఆ మనిషి నీళ్లు తాగేటప్పుడు ఎటు తిరిగి కూర్చోవాలో లచ్చవ్వ నేర్పింది.