ఆపు, ఎనక్కి పో

పూతలపట్టు నుంచి వచ్చే మిత్రుడొకాయనతో కూర్చుంటే ఒక్క పాటా చివరిదాకా చూడనిచ్చేవాడు కాదు. సినిమాలతో పని లేకుండా చిన్న బ్యాండ్లు సొంతంగా తీసుకునే పాటల వీడియోలంటే ఆయనకు ప్రాణం. తిరుపతిలో టీ అంగడి ముందు నలుగురం నా ఫోను చుట్టూ మూగితే, పల్లవి దాటకముందే ఆయన వేలు తెర మీదికి వచ్చేది.

"ఆపు. ఎనక్కి పో. డ్రమ్ము కొట్టేవాడి సెయ్యి సూడప్పా. పాటొక దారి, సెయ్యొక దారి."

పాట అక్కడే ఆగేది, ఆయన గ్లాసులో టీ చల్లారిపోయేది. నాకు ఒళ్లు మండేది.

నాకూ అలాంటి బ్యాండొకటి ఉంది. వరద బాధితుల కోసం మా బ్యాండ్లన్నీ కలిసి తలా ఒక పాట ఇచ్చి ఆల్బం తెచ్చాం. అందరికంటే ముందు కొన్నది ఆయనే. అదే టీ అంగడి ముందు, ఫోనులో అందులోని నా పాట వీడియో పెట్టాను. రెండో చరణంలో తాళం తప్పాను, నాకు తెలుసు. వేలు వస్తుందని కాచుకున్నాను. రాలేదు.

"యాడా ఆపలేదేం, అన్నా?" అన్నాను.

"సాయానికిచ్చిన పాట గదప్పా. మంచి పని సేసినావు."

ఇన్నేళ్లలో ఆయన టీ వేడిగా తాగింది ఆ ఒక్క పాటకే.