బతికున్న బావకు దండ

మా బావను నేనే చంపాను. కత్తి లేదు, కర్ర లేదు. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో మౌసు ఒక్కసారి నొక్కి చంపాను. పనిలో పనిగా మా అక్కను కూడా చంపేశాను, లేకపోతే ఫ్లెక్సీలో కుడివైపు ఖాళీగా ఉండి చూడ్డానికి బాగుండదు కదా! కంగారు పడకండి, ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. పోయిన ఆదివారం మా బావ నా ఎదురుగా కూర్చుని మాంసం కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. కానీ ఎనిమిదేళ్ల కిందట ఒక రోజు, పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా, నా పుణ్యమా అని ఆయన ఈ లోకంలో లేడు.

నాకు ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు ఉంది. పుట్టినరోజు, గృహప్రవేశం, నాయకుడికి స్వాగతం, ఎవరైనా పోతే శ్రద్ధాంజలి, అన్నీ నా చేతి మీదుగానే గోడెక్కుతాయి. అప్పటికి నాకు ముప్పై నిండలేదు గానీ గర్వం మాత్రం నిండి పొర్లుతుండేది. బట్టతల మీద జుట్టు మొలిపిస్తాను, ఒంటరివాడి వెనక వందమందిని నిలబెడతాను, నాకన్నా గొప్పవాడు ఈ డివిజన్‌లో ఎవడున్నాడు అనుకునేవాణ్ణి. పిచ్చివాడి చేతికి రాయి దొరికితే ఒక్క తలే పగులుతుంది. ఫ్లెక్సీ మిషను దొరికితే ఏమవుతుందో ఇప్పుడు చూడండి.

మా అక్క రమణమ్మను ఉదయగిరి కొండ కింద పల్లెలో ఇచ్చాం. బావ మాలకొండయ్యకు మూడు వందల గొర్రెలున్నాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ మనిషి. వాళ్ల ఒక్కగానొక్క కూతురు సుజాత ఆత్మకూరు హాస్టల్లో ఉండి ఇంగ్లీషు సబ్జెక్టుతో డిగ్రీ చదివేది. ఆ ఏడు ఉదయగిరి కోటలో ఎవరో చిన్న సినిమా తీస్తూ మా మేనకోడలికి మూడు డైలాగులు ఇచ్చారు. మూడూ గడగడా చెప్పేసరికి డైరెక్టరుకు నచ్చింది. "వచ్చే సినిమాలో పెద్ద వేషం చూస్తాను, ఈలోగా నీ పేరు నలుగురికీ తెలిసేటట్టు చూసుకోమ్మా" అన్నాడట.

బావ ఒప్పుకోవడమే గగనం. "సరే, పో. గానీ ఇంటి పరువుకు తేడా వచ్చే మాట ఒక్కటి నా చెవినబడినా ఆడికి ఆపేస్తా. ఇంక సినిమా పేరెత్తేది లేదు" అని కూతురికి ఖరాకండీగా చెప్పాడు.

"ఏం రాదులే బావా. పబ్లిసిటీ అంతా నేను చూసుకుంటా గదా" అన్నాను.

"నా భయమంతా అదేరా" అంది మా అక్క.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉదయగిరిలో రిటైరైన ఇంగ్లీషు మేష్టారొకాయన ఇల్లు మారుతూ తన పాత పుస్తకాలు పంచిపెట్టాడు. సుజాత అందులో అమెరికా సినిమా పత్రికలు మూడు తెచ్చుకుని, చదివేసి, హాస్టల్లో ఎలకలు కొరుకుతాయని నా షాపులో పెట్టింది. దాదాపు వందేళ్ల నాటివి. పేజీ తిప్పితే అప్పడంలా విరిగేది. మూడింటిలోనూ ఒకే హీరోయిను. పేరు నాకు నోరు తిరగదు, వదిలేయండి. కళ్లు మాత్రం ఇంతింత!

మొదటి పత్రిక నాటికి ఆవిడ సినిమా ఇంకా విడుదలే కాలేదు. అయినా నాలుగు పేజీలు రాశారు. ఎడారిలో పుట్టిందట. ఊహ తెలియకముందే అమ్మానాన్నలు ఇసుక తుఫానులో పోయారట. గుడారాల్లో, ఒంటెపాలు తాగి పెరిగిందట. ఒళ్లో చిరుతపులి పిల్లను పెట్టుకున్న ఫొటో కూడా ఉంది. ఫోన్లో తర్జుమా పెట్టుకుని చదువుతుంటే నాకు ఏడుపాగలేదు. రెండో పత్రిక నాటికి ఆవిడను చూడ్డానికి జనం థియేటర్ల తలుపులు విరగ్గొడుతున్నారు. ఇంకేం, నాకు కిటుకు తెలిసిపోయింది. ఇక మూడోది చదివే ఓపిక లేక దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. ఆ టీ గ్లాసును కాస్త గుర్తుపెట్టుకోండి.

నా బుర్రలో లెక్క ఇది. అమ్మానాన్నలు లేని పిల్లంటే లోకానికి జాలి. జాలి ఉంటే పేరు, పేరుంటే వేషం. మన దగ్గర ఎడారి లేకపోతేనేం, కొండ ఉంది. ఒంటె లేకపోతే మేక ఉంది. "పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఉదయగిరి కొండల్లో మేకపాలు తాగి పెరిగిన అడవిమల్లె, మన సుజాత!" అని రాశాను. చిరుతపులి దొరకదు కాబట్టి సుజాత ఒళ్లో కంప్యూటర్లోనే మేకపిల్లను కూర్చోబెట్టాను.

అంతటితో ఆగినా బాగుండేది. అనాథ అన్నాక ఆధారం ఉండాలి కదా అని పైన రెండు గుండ్రాల్లో అక్కాబావల ఫొటోలు పెట్టాను. శ్రద్ధాంజలి ఫ్లెక్సీల కోసం చేసి ఉంచుకున్న చామంతి దండ, పక్కన దీపం కంప్యూటర్లో సిద్ధంగా ఉన్నాయి. తగిలించేశాను. బావ అరచేతంత మీటల ఫోను వాడే మనిషి, ఆయనెక్కడ చూస్తాడులే అని ధైర్యం. సాయంత్రానికి ఫ్లెక్సీ సెంటర్లో లేచింది, ఫొటో ఊళ్లోని వాట్సాప్ గ్రూపులన్నిటికీ వెళ్లింది. నాకు తెలిసిన యూట్యూబ్ విలేకరి దాన్ని ఏడుపు సంగీతం పెట్టి మరీ చదివాడు. ఆ రాత్రి నేను రాజాలా నిద్రపోయాను.

పొద్దున ఏడింటికి ఫోను మోగింది.

"ఏరా తమ్ముడా, నేనెప్పుడు చచ్చినాను?"

"అక్కా..."

"తేదీ చెప్పరా. ఈడ వచ్చినోళ్లంతా అడగతా ఉండారు."

ఫోను పెట్టేసి బండి తాళం అందుకున్నాను. బండి తీస్తుంటే సుజాత హాస్టల్ నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్ల అప్పుడే చూసిందట. షాపులోకి వెళ్లి, టీ గ్లాసు పక్కనపెట్టి, మూడు పత్రికలూ సంచిలో వేసుకుని నా వెనక ఎక్కింది.

మేం పల్లెలోకి వెళ్లేసరికి మా ముందు ఒక ఆటో ఆగింది. బావకు మేనత్త, కొండాపురం నుంచి వచ్చింది. దిగుతూనే గుండెలు బాదుకుంటూ, "అయ్యో మాలకొండయ్యా! నన్నిడిచి ఎట్ట పోయినావు నాయనా!" అని శోకం ఎత్తుకుంది. గేటు తీసింది మా బావే.

"యాడికీ పోలేదత్తా. ఈడే ఉండా. ముందు నీళ్లు తాగు."

ఆమె చెంబు అందుకుని నీళ్లు తాగింది, బావను కిందికీ పైకీ చూసింది, మళ్లీ ఎత్తుకుంది.

"ఇంకేందత్తా, నేను బతికే ఉండా గదా!"

"ఉంటే ఉండు. ఇంత దూరం వచ్చినాక ఏడవకుండా పోతే నలుగురూ ఏమనుకుంటారు? ఇదిగో, ఇప్పుడే చెప్తా ఉండా. నీకు నా ఏడుపు అయిపోయినాది. ఇంక నువ్వు నిజంగా పోయినా నేను రాను."

చచ్చినవాడి పెళ్లికి వచ్చిందే కట్నం అంటారు. బతికినవాడి చావుకు వచ్చినవాళ్లంతా చుట్టాలే అని ఆ రోజే తెలిసింది. కలిగిరి నుంచి ఒక జీపు దిగింది. వరండా నిండిపోయింది. పెరట్లో పెద్ద గుండిగ పెట్టి అన్నం వారుస్తున్న మా అక్క నన్ను చూసి గరిటె పైకెత్తింది. "చూడరా, నా చావుకు నేనే వండుకుంటా ఉండా!"

బావ మాత్రం నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నులకమంచం మీద కూర్చుని, ఎవరో చేతికిచ్చిన ఫోన్లో దండ వేసిన తన ఫొటోనే చూస్తున్నాడు. కాసేపటికి తలెత్తి కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, నేను లేకపోతేనే నీకు బాగుంటాదా? గొర్రెలోడి బిడ్డనని చెప్పుకోలేక మీ మామ చేత ఇట్ట రాయించినావా?"

ఇంటి పరువు, సినిమా, అన్నీ పక్కకుపోయాయి. ఆ మనిషికి నిజంగా తగిలిన దెబ్బ ఇదన్నమాట! నేను చామంతి దండ అనుకుని వేసింది ఎక్కడ గుచ్చుకుందో అప్పుడు చూశాను. సిగ్గుతో తల దించుకుని, "దానికేం తెలీదు బావా. అంతా నేనే చేసినాను. ఆ అమెరికా పుస్తకంలో చూసి..." అని నసిగాను.

సుజాత సంచిలోంచి మూడో పత్రిక తీసింది. అట్ట మీద నా టీ గ్లాసు మరక గుండ్రంగా ఉంది. "మామా, ఇది చదివినావా?"

"లేదు."

"అయితే విను." అందరి ముందూ తెలుగులో చెప్పింది. ఎడారీ లేదు, ఒంటే లేదు. ఆవిడది ఒక చిన్న ఊరు. తండ్రి రొట్టెలు కాల్చి అమ్మే మనిషి. అమ్మానాన్నలు ఇద్దరూ గుండ్రాయిలా ఉన్నారు. ఆ అనాథ కథంతా సినిమా కంపెనీ ఆఫీసులో కూర్చుని అల్లింది. మూడో పత్రికలో ఆవిడే ఆ మాట చెప్పి, పిండి అంటిన చేతులతో ఉన్న తండ్రి పక్కన నిలబడి ఫొటో దిగింది.

బావ ఆ పత్రిక అందుకుని ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అయితే ఆ పిల్ల నాయన గూడా బతికే ఉండాడా?"

"ఉండాడు నాయనా."

"పాపం," అన్నాడు బావ నావైపు తిరిగి, "ఆయనకూ ఇట్టాంటి బామ్మర్ది ఒకడు ఉండుంటాడు."

వరండా వరండా అంతా గొల్లున నవ్వింది. కొండాపురం అత్త కూడా ఏడుపాపి నవ్వింది.

సరిగ్గా అప్పుడే యూట్యూబ్ విలేకరి మైకు పట్టుకుని దిగాడు. అనాథ పిల్ల పెరిగిన గుడిసెను వీడియో తీస్తాడట. "గుడిసె ఎక్కడ సార్?" అని నన్నడిగాడు. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను. బావ లేచి వెళ్లి ఆ మైకు చేతిలోకి తీసుకున్నాడు. అయిపోయింది, ఇంక సినిమా లేదు అని చెప్పేస్తాడు అనుకున్నాను. సుజాత పత్రికను మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

"నా పేరు మాలకొండయ్య. ఈ పిల్ల నాయనను. బతికే ఉండా. గొర్రెలు మేపుకుంటా ఉండా. నా బిడ్డ మేకపాలు తాగి పెరగలా, వాళ్లమ్మ పాలు తాగి పెరిగినాది. మీకు దీని ముఖమే తెలుసు, గొంతు తెలియదు. ఆ గొంతు నేర్పింది నేను. పిలువమ్మా, వింటారు."

సుజాత చెప్పులు విప్పి అరుగెక్కింది. అరచెయ్యి నోటి పక్కన పెట్టుకుని ఒక్క కేక వేసింది. మైకు అక్కర్లేదు దానికి! ఎక్కడో కొండవాలులో మేస్తున్న మంద మొత్తం ఒక్కసారి తలెత్తింది. ఆపైన మూడు వందల గొర్రెలూ దుమ్ము లేపుకుంటూ ఇంటిమీదికి వచ్చిపడ్డాయి. పరామర్శకు వచ్చినవాళ్లు తలో దిక్కూ పరుగు. కొండాపురం అత్త నులకమంచం ఎక్కి నిలబడింది. విలేకరి మాత్రం కెమెరా దించలేదు, ఆ పుణ్యం అతనిదే. గొర్రెల మధ్య నిలబడి బావ కూతుర్ని చూసుకున్న చూపు నేను చచ్చేదాకా మరచిపోను. అంత గర్వం నా ఫ్లెక్సీల్లో ఏ నాయకుడి ముఖానికీ తేలేకపోయాను.

ఆ వీడియో నా ఫ్లెక్సీ వెళ్లని చోట్లన్నిటికీ వెళ్లింది. వారం తిరక్కుండా డైరెక్టరు ఫోను చేశాడు. "అమ్మాయి గొంతు విన్నాను. గొర్రెల కాపరి కూతురి వేషం, కథంతా తనే. మీరు కూడా తండ్రిగా వేస్తారా?" అని బావనడిగాడు.

"నేను చచ్చినోణ్ణి సామీ, నన్నిడిచిపెట్టండి" అన్నాడు బావ.

సినిమా విడుదలైన రోజు బావ తెల్ల పంచె కట్టుకుని నా షాపుకు వచ్చాడు. ఫ్లెక్సీ కావాలన్నాడు. సుజాత ఫొటో ఎంతుంటే తన ఫొటో అంతే ఉండాలట. కింద పెద్దక్షరాలతో "సుజాత నాయన మాలకొండయ్య, బతికే ఉన్నాడు" అని రాయాలట. రాశాను. ఆత్మకూరు సెంటర్లో మూడు నెలలు నిలబడింది అది. నా జన్మలో నేను రాసిన ఒకే ఒక్క నిజమైన పబ్లిసిటీ అదే, అటువైపు వెళ్లినప్పుడల్లా బండి ఆపి చూసుకునేవాణ్ణి.

కాబట్టి, నా ఫ్లెక్సీ మిషను మీద చెయ్యి పెట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మూడో పత్రిక చదవకుండా మొదటి పత్రికను నమ్మను. ఏ పత్రిక మీదా టీ గ్లాసు పెట్టను. తనంతట తాను పోని మనిషిని నా అంతట నేను చంపను. నా మాట మీద నమ్మకం లేక మా బావ షాపు గోడకు తనే ఒక కాగితం అంటించి పోయాడు, ఇప్పటికీ ఉంది, వస్తే చూడండి: "దండ వేసే ముందు మనిషిని ఒకసారి పిలిచి చూడవలెను. పలికితే వేయరాదు."